బెల్లం లైను

ఆ గీత తిన్నగా ఉంది. అదే దాని నేరమనుకున్నాను.

డెబ్బై నాలుగు సంవత్సరం. మృగశిర వానకీ వరలక్ష్మీ వ్రతానికీ మధ్య పట్టుమని పది వారాలు లేవు. ఆ కాస్త వ్యవధిలో ఒక పెన్సిలూ నాలుగు గ్రాఫు కాగితాలూ పెట్టుకుని ఒక మనిషిని దొంగని చేశాను. తరవాత అదే పెన్సిలుతో ఇంకో మనిషిని దొంగని చేశాను. మొదటిది పొరపాటు. రెండోది కాదు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరం ఎత్తని మాట ఆ రెండోదే.

మదీనాగూడ దాటాక బొంబాయి రోడ్డు పక్కన పంపులు తయారుచేసే కార్ఖానా ఒకటుండేది. అందులో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. పోత పోసిన వంద పంపు పెంకుల్లో పదింటిని ఏరి, కొలిచి, కాగితం మీద చుక్క పెట్టడం నా పని. చుక్కలు రెండు గీతల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే క్షేమం. గీత దాటితే మిషను ఆపించాలి. వాల్తేరులో స్టాటిస్టిక్స్ చదివి, రెండేళ్లు ఖాళీగా తిరిగి, చివరికి చేరిన చోటు అది. ఇప్పించింది మా ఆవిడ అన్నగారు విశ్వేశ్వరరావు. అదే కార్ఖానాలో హాజరు చూసే టైమాఫీసు హెడ్‌క్లర్కు. జై ఆంధ్ర గొడవలు అప్పుడే చల్లబడుతున్న రోజుల్లో రేపల్లె కుర్రాడికి హైదరాబాదు కార్ఖానాలో ఉద్యోగం ఎలా వచ్చిందని నేను అడగలేదు. ఆకలిగా ఉన్నవాడు వడ్డించినదాన్ని ఎక్కడిదని అడగడు.

మేం అద్దెకున్నది రామచంద్రం ఇంట్లో. ఆయన పాత ఫౌండ్రీ షెడ్డులో మేస్త్రీ. మావి రెండు గదులు, వాళ్లవి మూడు. ఒకటే పెరడు, ఒకటే బావి. మా ఆవిడ పద్మావతీ, ఆయన భార్య కిష్టమ్మా ఒకే తాడుతో నీళ్లు తోడుకునేవాళ్లు. పన్నెండేళ్లుగా పోత ఇసక దుమ్ము మింగి మింగి రామచంద్రం ఒక వాక్యాన్ని ఒక ఊపిరిలో పూర్తి చెయ్యలేకపోయేవాడు. మధ్యలో దగ్గొచ్చేది. దగ్గు తగ్గాక వాక్యం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే మొదలెట్టేవాడు.

ఆ ఏడు కార్ఖానాలో యూనియన్ ఎన్నికలు. గెలిచిన యూనియన్‌తోనే యాజమాన్యం మాట్లాడుతుంది. లాంతరు గుర్తువాళ్లు ఫౌండ్రీలో దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టాలన్నారు. త్రాసు గుర్తువాళ్లు యాజమాన్యం ఏమంటే అదన్నారు.

ఓట్లకి ముందు ఆదివారం బావగారు మా ఇంటికి భోజనానికొచ్చారు. పద్మ గుత్తివంకాయ చేసింది. తిని, నులకమంచం మీద వాలి ఆయన అడిగారు.

"బావా, నీ చుక్కల కాగితాలతో మనుషుల్ని కూడా పట్టొచ్చా?"

"ఎందులో?"

"ఓట్లలో. కొత్త షెడ్డు టేబుల్ దగ్గర నన్ను కూచోబెడుతున్నారు. పాత షెడ్డుకి మీ ఇంటాయన. రేపు ఎవడైనా దొంగ ఓట్లని గొడవ చేస్తే ఎలా తేలుస్తారు?"

నా చార్టుల గురించి ఆసక్తిగా అడిగిన మొదటి మనిషి ఆయన. నేను పొంగిపోయాను. కొలవకుండా కుర్చీలో కూచుని అంకెలు రాసిన ఒక ఇన్‌స్పెక్టరు కథ చెప్పాను.

"నిజంగా కొలిచినవాడి అంకెలు తాగినవాడి నడకలా ఉంటాయి బావగారూ. కూచుని రాసినవాడివి పెళ్లికూతురి నడకలా ఉంటాయి. ఓట్లూ అంతే. నిజంగా ఓటేసేవాళ్లు ఎవరి వీలు కొద్దీ వాళ్లొస్తారు. పుస్తకంలో ముందు నూట తొంభై, తరవాత పన్నెండు, తరవాత ఎనభై ఆరు, ఇలా పడతాయి టోకెన్ నంబర్లు. దొంగరాత రాసేవాడు జాబితా ముందు పెట్టుకుని ఒకటి, రెండు, మూడు అనుకుంటూ పోతాడు. వచ్చిన వరస అడ్డంగా, టోకెన్ నంబరు నిలువుగా పెట్టి చుక్కలు వెయ్యండి. నిజమైతే చల్లిన నువ్వుల్లా చెదురుతాయి. అబద్ధమైతే నిచ్చెన కడతాయి."

"తెలివైనవాడు చెదరగొట్టి రాస్తేనో?"

"మనిషి తనంతట తాను చెదరగొట్టలేడు. రెండు చిన్నవి రాస్తే మూడోది పెద్దది రాయాలని చెయ్యి పీకుతుంది. అందుకే మాకో పుస్తకం ఉంటుంది." అలమారలోంచి తీసి చూపించాను. అట్టనుంచి అట్టదాకా అంకెలే. ఒక వరసా వావీ లేని అంకెలు. వందలో ఏ పదింటిని కొలవాలో మా చెయ్యి నిర్ణయించకుండా ఆ పుస్తకం నిర్ణయిస్తుంది. ఆఫీసులో ఒకటుంది. ఇది నా కాలేజీనాటిది.

"అంత తెలివున్నవాడు టైమాఫీసులో ఎందుకుంటాడులెండి," అన్నాను.

నాకన్నా గట్టిగా నవ్వారు బావగారు. "పద్మా, మీ ఆయనకి వంకాయ ఎక్కువ పెట్టకు. మాటకి పదునెక్కుతోంది!"

శనివారం ఓట్లు. రెండు రోజుల ముందే తొలి వాన దంచికొట్టింది. నాలుగు టేబుళ్లు: ఫౌండ్రీ పాత షెడ్డు, కొత్త షెడ్డు, మెషిన్ షాపు, అసెంబ్లీ. వచ్చినవాడి టోకెన్ నంబరు వచ్చిన వరసలో పుస్తకంలో రాసుకోవడం, చీటీ ఇవ్వడం. ఏ షెడ్డు నంబర్లు ఆ షెడ్డువే, ఒకటినుంచి. సంతకం లేదు, వేలిముద్ర లేదు. ఎవరు ఎవరికి వేశారో తెలిసిపోతుందన్న భయంతో రెండు యూనియన్లూ వద్దన్నాయి. పెట్టెలకి లక్క ముద్ర కొట్టి ఆదివారమంతా టైమాఫీసు గదిలో ఉంచారు. ముద్రా టైమాఫీసుదే.

సోమవారం లెక్కపెడితే లాంతరు నలభై మూడు ఓట్లతో గెలిచింది. ఫౌండ్రీవాళ్లు గేటు ముందు డప్పు కొట్టించారు. కిష్టమ్మ వచ్చి పద్మ నోట్లో చక్కెర పోసింది.

"ఇగ పంకలొస్తయంట పద్మమ్మా. మా ఆయన దగ్గు సగం తగ్గినట్టె."

మంగళవారం పర్సనల్ ఆఫీసర్ యజ్ఞనారాయణగారు నన్ను పిలిపించారు. బావగారు అక్కడే నిలబడి ఉన్నారు.

"త్రాసువాళ్లు ఫిర్యాదు ఇచ్చారోయ్. పాత షెడ్డులో దొంగ ఓట్లట. నీకేదో చార్టుల విద్య వచ్చని మీ బావ చెప్పాడు. నాలుగు టేబుళ్ల పుస్తకాలూ ఇవిగో. ఎవరి పక్షమూ వద్దు. అంకెలు ఏం చెప్తే అది రాయి."

అంకెలు ఏం చెప్తే అది రాయమని ఒక ఆఫీసరు నాతో అనడం అదే మొదటిసారి. ఆ మాటకే లొంగిపోయాను.

రెండు రోజులు చుక్కలు పెట్టాను. మెషిన్ షాపు, చల్లిన నువ్వులు. అసెంబ్లీ, చల్లిన నువ్వులు. కొత్త షెడ్డు ఇంకా అందంగా చెదిరింది. పాత షెడ్డు కాగితం మీద ముప్పై చుక్కలు పెట్టి పెన్సిలు ఆపాను. రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, తొమ్మిది. చుక్క తరవాత చుక్క మెట్లెక్కుతోంది. ఎడమ కింది మూలనుంచి కుడి పైమూలకి నిచ్చెన. చివర మాత్రం ఓ పందొమ్మిది చుక్కలు కిందకి జారి, పదకొండు, ముప్పై, యాభై రెండు అంటూ మళ్లీ మొదలయ్యాయి. చిన్న తోక. ఆ తోకని చూశాను. తోకెందుకుందని అడగలేదు. నాకు కావలసింది నిచ్చెన. అది దొరికింది.

ఒకటిన్నర పేజీ రిపోర్టు రాసిచ్చాను.

శుక్రవారం నోటీసు బోర్డు ఎక్కింది. పాత షెడ్డు ఓట్లు రద్దు. రెండొందల పన్నెండు ఓట్లు పోయేసరికి త్రాసు ఎనభై ఒక్క ఓట్లతో గెలిచింది. పాత షెడ్డు టేబుల్ దగ్గర కూచున్న రామచంద్రం సస్పెండు. లేబరు డిపార్టుమెంటు ఆఫీసరొచ్చి విచారణ చేస్తాడు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి రామచంద్రం బావి గట్టున కూచుని తాడుకి ముడేస్తున్నాడు.

"సారూ, జర ఇట్ల రా. నీ కాయిదం నాకు సూపిస్తవా?"

సంచీలోంచి తీసి చూపించాను. చేతులు తువాలుకి తుడుచుకున్నాడు కానీ కాగితం ముట్టుకోలేదు.

"ఇది నేనా?"

"మీ టేబుల్ పుస్తకం."

"తిన్నగనే ఉంది గదా. తిన్నగుంటె తప్పేంది?"

చెప్పాను. నిచ్చెన, నువ్వులు, అన్నీ. చెప్తుంటే నాకు నేనే సబబుగా వినిపించాను. ఆయన దగ్గి, ఆగి, మొదలెట్టాడు.

"వచ్చినోని నంబరు వచ్చినట్టు రాసిన. ఒక్కన్ని ఎక్కువ రాయలే. ఒక్కన్ని తక్కువ రాయలే."

"మరి అందరూ వరసగా ఎందుకొచ్చారు?"

"వరుసగనె వస్తరు మరి. ఇంకెట్ల వస్తరు?"

దొంగ చెప్పే జవాబులాగే ఉందది. అసలు జవాబు మొత్తం అదేనని నాకు తెలీదు. రోజూ తినే అన్నం గురించి ఎవరూ విడమరిచి చెప్పరు.

కిష్టమ్మ గడపలోంచే అంది: "పన్నెండేండ్లు గా దుమ్ముల పనిజేసిండు. ఇయ్యాల దొంగోడైండు. మంచిగుంది సారూ మీ సదువు."

"మమ్మల్ని ఇల్లు ఖాళీ చెయ్యమంటారా?" అన్నాను.

రామచంద్రం ముడి బిగించాడు. "కిరాయికి, గీ గీతకు ఏం సంబంధం? ఉండుండ్రి."

పొమ్మని ఉంటే తేలికగా ఉండేది. ఆ మర్నాటినుంచి మేం లేచేలోపే కిష్టమ్మ నీళ్లు తోడుకుపోయేది. తాడు గిలక మీద చక్కగా చుట్టి ఉండేది. పద్మ దాన్ని విప్పి తను తోడుకునేది. పక్కగదిలోంచి దగ్గు వినపడేది. సస్పెండైనవాడికి షెడ్డు లేదు, దుమ్ము లేదు. దగ్గు మాత్రం ఉంది.

మూడు వారాల తరవాత ఒక శనివారం మధ్యాహ్నం పాత షెడ్డుకెళ్లాను. పంపు పెంకుల్లో గాలి బుడగలొస్తున్నాయని ఫిర్యాదు. చూసుకుని బయటికొస్తుంటే స్టోర్సు కిటికీ దగ్గర జనం పోగవుతున్నారు. ఫౌండ్రీవాళ్లకి శనివారం శనివారం పావు కిలో బెల్లం ఇస్తారు. బెల్లం తింటే గొంతులో దుమ్ము దిగుతుందని నమ్మకం. ఫ్యాన్లకన్నా చవక. కిటికీలో పోచయ్య. స్టోర్సులో పాతకాపు, గొంతు పెద్దది.

ఎవరూ ఎవర్నీ పిలవలేదు. షెడ్డులోంచి మసి మొహాలతో వస్తున్నారు, వచ్చినవాడు వచ్చినట్టు లైను చివర నిలబడటం లేదు. మధ్యలో దూరుతున్నారు. దూరితే ఎవరూ తిట్టడం లేదు. పైగా జరిగి చోటిస్తున్నారు.

"ఏయ్ నలభై ఏడూ, నువ్వు నా ఎనక. ఎటు పోతున్నవ్ బే?"

"నలభై తొమ్మిది జరుగు జరుగు. నీ అత్తగారిల్లనుకున్నవా?"

నేను అక్కడే నిలబడిపోయాను. చేతిలో పంపు పెంకు నేల మీద పెట్టాను.

"యాభై రెండు!" అని అరిచాడు పోచయ్య.

"దవాఖాన్ల ఉన్నడే. వస్తడు."

"వస్తె తోకల నిలవడుమను. యాభై మూడు!"

లైను పూర్తయ్యేదాకా ఆగాను. నంబరు పిలిచినప్పుడు లేనివాళ్లు ఓ పదిమంది చివర నిలబడ్డారు: పదకొండో నంబరు, ఇరవై నాలుగు, యాభై రెండు. తోక. నా కాగితం మీది తోక, మసి పట్టిన కాళ్లతో నిలబడి బెల్లం కోసం చూస్తోంది.

"పోచయ్యా, ఎప్పుడూ ఇలాగే నిలబడతారా?"

"ఎప్పటికి గిట్లనే సార్. నేను పుస్తకం పేజీ ఎనకకు తిప్ప. ఒక్కపారి తిప్పిన్నంటె ఇగ పొద్దంత తిప్పుడే. పదేండ్ల సంది గిదే కానూన్. ఇప్పుడు ఈళ్లను సావుకు పిలిచినా నంబరు తోనే నిలవడుతరు."

"ఓట్ల రోజు?"

"ఓట్ల నాడు శనారమె గద! నా కిటికి పక్కకే టేబులేసిండ్రు. ఓటేసుడు, బెల్లం దీస్కునుడు. ఒక్కటే లైను."

"కొత్త షెడ్డు?"

"పొద్దుగాల ఆళ్లకు నేనె ఇచ్చిన. ఆళ్లదీ గదే లైను, ఓటుకు గూడ. గా దినం కొత్తోళ్లు పలచగుండిరి సార్. మిరుగం వాన వడె గద. గోపన్‌పల్లి తట్టోళ్లంత ఇత్తనం పెట్టవోయిండ్రు."

కొత్త షెడ్డు పుస్తకంలో రెండొందల నలభైమందికి రెండొందల ముప్పై ఆరుగురు ఓటేశారు. నా కాగితం మీద చల్లిన నువ్వుల్లా. అందంగా.

"ఆ రోజు బెల్లం పుస్తకం ఉందా?"

ఉంది. అట్టకి ఈగలంటుకున్న పుస్తకం. కిటికీ గట్టుమీదే పెట్టుకుని నంబర్లు ఎక్కించుకున్నాను. కొత్త షెడ్డులో ఆ శనివారం బెల్లం తీసుకోనివాళ్లు ముప్పై ఏడుగురు.

"పోచయ్యా, కార్ఖానాకొచ్చి కూడా బెల్లం వద్దనేవాళ్లుంటారా?"

పోచయ్య నన్ను జాలిగా చూశాడు. "బెల్లం ఒద్దనెటోడు ఇంక పుట్టలే సార్."

ఇంటికెళ్లి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టాను. బెల్లం తీసుకోని ముప్పై ఏడుగురిలో ముప్పై నలుగురు ఓటేశారు. చేలో విత్తనం వేస్తూ, ఇక్కడ ఓటేశారు. ఉండవలసిన చోట నిచ్చెన ఉంది. ఉండకూడని చోట నువ్వులున్నాయి. నేను నువ్వులకి దణ్ణం పెట్టి నిచ్చెనని సస్పెండు చేయించాను.

మర్నాడు ఆదివారం. బావగారిని నేనే రమ్మన్నాను. పద్మ కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది.

"కొత్త షెడ్డు పుస్తకం ఎప్పుడు రాశారు బావగారూ? పెట్టెలు మీ గదిలో ఉన్నప్పుడేనా?"

ఆయన కాదనలేదు. గ్లాసు కింద పెట్టారు. "ఎవరు చెప్పారు?"

"బెల్లం."

వివరించాను. ఆయన నుదురు రుద్దుకుని నవ్వారు. అలసిపోయినవాడి నవ్వు.

"హాజరుపట్టీ కూడా సరిచేశాను బావా. బెల్లానికో పుస్తకం ఉంటుందనీ, వానపడితే వీళ్లు చేలకి పోతారనీ ఎవడికి తెలుసు?"

"రామచంద్రం ఏం చేశాడు?"

"ఆయన జోలికి నేను వెళ్లలేదే! ఆ గీత నువ్వు గీశావు. అది చూసినప్పుడు నిజంగానే ఆయన దొంగరాత రాశాడనుకున్నాను. వాళ్లు నంబర్ల ప్రకారం నిలబడతారని నాకు తెలీదు, నీకూ తెలీదు. పన్నెండేళ్లుగా ఒకే గేటులోంచి పోతున్నాన్నేను."

"అసలెందుకు చేశారు?"

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "పోయినేడు నీ దరఖాస్తు మీద ఎర్ర సిరాతో 'స్థానికుడు కాడు' అని రాసుంది. ఆ కాగితం మాయమైంది. దానంతటదే మాయమైందనుకున్నావా? 'ఎప్పుడో ఒకప్పుడు నా మాటొకటి వినాలోయ్ విశ్వేశ్వరరావ్' అన్నారు యజ్ఞనారాయణగారు. ఇదే ఆ మాట. ఇంత చేసినా లాంతరే గెలిచింది, చూడు. తరవాత నీ కాగితం వచ్చి ఆదుకుంది."

ఆయన ముందుకి వంగారు.

"రామచంద్రానికి ఇల్లుంది. రెండెకరాల మెట్ట చెలకుంది. నీకేముంది? దానికేముంది?" అని వంటింటి వైపు గడ్డం చూపించారు. "అయినా బెల్లం పుస్తకమొక్కటే పట్టుకెళ్తే ఎవడు వింటాడు? స్టోర్సువాడు తప్పు రాశాడంటాం. అయిపోయింది."

నిజమే. అయిపోయేదే.

పద్మ బయటికొచ్చింది. చేతిలో పేపరులో చుట్టిన పుస్తకం. నా ముందు స్టూలు మీద పెట్టి పేపరు విప్పింది. నా కాలేజీనాటి అంకెల పుస్తకం.

"ఆ ఆదివారం మీరు బావి దగ్గరికెళ్లినప్పుడు అన్నయ్య అడిగి పట్టుకెళ్లాడు," అంది. ఉప్పు ఏ అరలో ఉందో చెప్తున్నట్టు చెప్పింది. "మొన్న తిరిగిచ్చాడు. లోపల పెన్సిలు గుర్తులున్నాయి. మీవేమో అనుకున్నాను. మీరు పుస్తకాల మీద గీతలు పెట్టరు కదా."

నలభై ఒకటో పేజీ. ఒక నిలువు వరస పొడుగునా సన్నటి టిక్కులు. రెండొందల నలభై దాటిన అంకెల్ని వదిలేసి, మిగతావాటికి టిక్కు పెట్టారు. పదిహేడు. రెండొందల మూడు. ఎనభై ఎనిమిది. నూట యాభై ఒకటి. కొత్త షెడ్డులో ఓటేసినవాళ్ల వరస నా కాగితం మీద ఉంది. పదిహేడు. రెండొందల మూడు. ఎనభై ఎనిమిది. నూట యాభై ఒకటి. ఐదోది పోల్చి చూడలేదు.

"పద్మా," అన్నారు బావగారు.

"కాఫీ చల్లారిపోయినట్టుంది అన్నయ్యా. వేడిచేసి తేనా?"

ఆయన లేచి చెప్పులేసుకున్నారు. పద్మ ఎప్పట్లాగే గేటుదాకా వెళ్లింది. ఆయన బొంబాయి రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా నిలబడింది. లోపలికొచ్చి గ్లాసు కడిగి బోర్లించింది.

పుస్తకం నా ముందు పెట్టింది తను. పట్టుకెళ్లి ఇచ్చింది నేను. మా ఇద్దరిలో ఆ పని చేసిందెవరో మేమెప్పుడూ తేల్చుకోలేదు.

లేబరు ఆఫీసరు నెమ్మదైన మనిషి. నా పాత రిపోర్టు, నా కొత్త రిపోర్టు, బెల్లం పుస్తకం, అంకెల పుస్తకం వరసగా పేర్చుకున్నాడు. పోచయ్యని పిలిచి అడిగాడు. పోచయ్య చెప్పి ఊరుకోకుండా, "నమ్మకుంటె శనారం వచ్చి సూడు సారూ," అన్నాడు. ఆయన శనివారం వచ్చి చూశాడు. చివరికి నా వైపు తిరిగి ఒకటే మాట అడిగాడు.

"మొదటి రిపోర్టు రాసేముందు ఈ షెడ్డులో ఒక్కరోజైనా నిలబడ్డారా?"

"లేదండీ."

ఆయన రాసుకున్నాడు.

రామచంద్రం తిరిగి పనిలో చేరాడు. మళ్లీ ఓట్లు పెట్టారు, లాంతరు గెలిచింది. బావగారు రాజీనామా రాసిచ్చి పిల్లాపాపలతో బెజవాడ వెళ్లిపోయారు. యజ్ఞనారాయణగారు తానేమీ ఎరగనన్నారు. ఆయన చెప్పినట్టు ఎక్కడా కాగితం లేదు, ఉన్న ఒక్క ఎర్ర సిరా కాగితమూ పోయినేడే మాయమైంది. తప్పుడు రిపోర్టు ఇచ్చినందుకు నన్ను చార్టుల గదిలోంచి తీసేసి పాత షెడ్డులో ఇసక పరీక్షకి వేశారు. ఫ్యాన్లంటారా, రెండేళ్లకి గానీ రాలేదు.

ఇసక పరీక్షవాడూ ఫౌండ్రీ మనిషే కాబట్టి నాకూ టోకెన్ ఇచ్చారు. రెండొందల నలభై ఒకటి, పాత షెడ్డులో అన్నిటికన్నా చివరిది. మొదటి శనివారం అలవాటు కొద్దీ కిటికీ దగ్గరికే నేరుగా వెళ్లాను.

"నంబరెంత సార్?" అన్నాడు పోచయ్య.

చెప్పాను.

"అయితె ఎనకకు వోవాలె."

లైనులో ఎవరో కిసుక్కుమన్నారు. వెనక్కి వెళ్లి నిలబడ్డాను. గంటసేపు. పేపరు పొట్లంలో బెల్లం పట్టుకుని ఒక్కొక్కరే నన్ను దాటిపోతున్నారు. రామచంద్రం నంబరు ఆరు. తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడనుకున్నాను. నా ముందు ఇద్దరున్నారనగా పక్కకొచ్చి నిలబడ్డాడు. ముప్పై ఆరు రోజులైంది ఆయన నాతో మాట్లాడి.

"బాయి తాడు ఖరాబైంది." దగ్గు. "కొత్తది తెచ్చిన. పద్మమ్మను పాతది పట్టుకోవద్దని చెప్పు. తెగుతది."

"చెప్తాను," అన్నాను.

ఆ తరవాతి శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం. పెళ్లైన నాటినుంచీ ఏటా బావగారు పద్మకి చీర పట్టుకొచ్చేవారు. ఆ ఏడు పోస్టుమాను గేటు దాటిపోయేదాకా పద్మ వాకిట్లోనే ముగ్గు దిద్దుతూ ఉంది. తరవాత లోపలికెళ్లి పెళ్లినాటి చీర కట్టుకుంది. పేరంటానికి కిష్టమ్మ వచ్చింది. కాళ్లకి పసుపు రాయించుకుంది, తాంబూలం తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, "మీ అన్న రాలే?" అనబోయి నాలిక కరుచుకుంది.

బజారు బెల్లం కొనకుండా, పోచయ్య ఇచ్చిన దిమ్మతోనే పరమాన్నం చేసింది పద్మ. అమ్మవారికి నైవేద్యం పెట్టి, నాకూ తనకీ రెండు కంచాల్లో వడ్డించింది. మొదటి ముద్దకే పళ్ల కింద కరకరమంది. ఫౌండ్రీ ఇసక. ఎంత వడకట్టినా కొంచెం ఉండిపోతుంది.

పద్మ నమలడం ఆపి నా వైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరం మింగి, రెండో ముద్ద తీసుకున్నాం.